మైనస్ పద్దెనిమిదిలో చెమటలు

మా ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో చల్లగది బాధ్యత దుప్పటక్కది. పేరుకి గదే గాని అది పెద్ద హాలంత ఉంటుంది. లోపల ఎప్పుడూ మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. ప్యాకింగులో మేం డబ్బాలను అట్టపెట్టెల్లో సర్ది పంపిస్తే, వాటిని రకాలవారీగా అరల్లో పేర్పించడం, లారీ వచ్చినప్పుడు ముందు తయారైన సరుకుని ముందు బయటికి పంపడం ఆమె పని. లోపలికి వెళ్ళేవాళ్ళకి ఫ్యాక్టరీవాళ్ళు దళసరి కోటు ఇస్తారు. ఆమెకి అది చాలేది కాదు. కోటు కింద స్వెటరు, స్వెటరు కింద ఇంకో స్వెటరు, అన్నిటి పైన ఇంటి నుంచి తెచ్చుకున్న గళ్ళ దుప్పటి. ఆ పేరు మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళం, తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టాం, చివరికి మేనేజరుగారు కూడా మైకులో అలాగే పిలిచారు.

ఆమెది వాదించే నోరు. ఎదురుగా మనిషి లేకపోతే లిఫ్టుతోనైనా వాదిస్తుంది. లిఫ్టు రాకపోతే, "ఏం, నేను కనబడటం లేదా?" అని బటన్ను నిలదీయడం నా కళ్ళతో చూశాను. పని విషయంలో మాత్రం వంక పెట్టలేం. స్ట్రాబెరీ ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది.

యాభై నాలుగో ఏట ఒకరోజు స్వెటరు మార్చుకుంటుంటే ఎడమ రొమ్ములో బఠాణీగింజంత గడ్డ చేతికి తగిలింది. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చుని, "ఇన్ని పొరల కింద అదెలా దూరిందో నాకు అర్థం కావడం లేదే," అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం నిజంగానే ఆశ్చర్యపోతోంది.

అది క్యాన్సరని తేలింది. ఆ రొమ్ము తీసేశారు. తర్వాత కొన్ని వారాలు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఆ రోజులన్నీ ఆమె ఎవరికీ పెద్దగా ఏడుపు మొహం చూపించలేదు. తిరిగి పనిలో చేరిన రోజు మా ముందు ఇటు నుంచి అటు నడిచి, "ఒకవైపు బరువు తగ్గింది కదా, కుడివైపుకి ఒరుగుతున్నానేమో చూడండి," అంది. మేం నిజంగానే వంగి చూశాం. ఒరగడం లేదు.

అసలు కథ మాత్రతో మొదలైంది.

ఆమె గడ్డ ఆడ హార్మోను తిని పెరిగే రకమట. గడ్డ తీసేసినా దాని రవ్వలు ఒంట్లో ఎక్కడైనా నక్కి ఉండొచ్చు, వాటికి ఆ తిండి అందకుండా చేసే మాత్ర రోజుకొకటి వేసుకోవాలి అని డాక్టరుగారు చెప్పారు. ఎన్నాళ్ళంటే అయిదేళ్ళు.

"అయిదేళ్ళు చదివితే నేనే డాక్టర్నయ్యేదాన్ని," అంది దుప్పటక్క మాతో. అయినా వేసుకోవడం మొదలుపెట్టింది.

కొన్ని వారాలు ఏమీ కాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మేం పెట్టెలకి టేపు అంటిస్తుంటే చల్లగది తలుపు ధడాలున తెరుచుకుంది. దుప్పటక్క బయటికొచ్చింది. దుప్పటి లేదు. కోటు లేదు. ఒక స్వెటరు నడుముకి చుట్టుకుని ఉంది, రెండోది చేతిలో ఉంది. మొహం నుంచి చెమట ధారగా కారుతోంది. అట్టపెట్టె మూతతో విసురుకుంటూ, "లోపల ఉక్కపోసి చచ్చిపోతున్నా," అంది.

చల్లగదిలో ఉక్కపోయడమంటే మా ఫ్యాక్టరీలో ఒకటే అర్థం. మేనేజరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మిషను ఆగిపోయింది, సరుకంతా కరిగిపోతోంది అని ఆయన కేక పెట్టారు. మెకానిక్కు పరుగెత్తాడు. లెక్కలు రాసేవాళ్ళు, గేటు దగ్గరి వాచ్‌మన్, చివరికి టీ తెచ్చినాయన కూడా లోపలికి దూరి చేతికందిన పెట్టెలు పట్టుకుని బయట నిలబెట్టిన లారీలోకి మోయడం మొదలుపెట్టారు. నేను వెనిల్లా పెట్టెలు మోశాను. కాసేపటికి మెకానిక్కు తల గోక్కుంటూ వచ్చి, మిషను బ్రహ్మాండంగా ఉంది, లోపల మైనస్ పద్దెనిమిదే అన్నాడు. అప్పటికి చలికి అందరి పళ్ళూ టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక్క దుప్పటక్క గడప మీద కూర్చుని విసురుకుంటోంది.

"మరి ఉక్కగా ఉందన్నావ్?" అన్నారు మేనేజరుగారు.

"ఉంది మరి. మీకు లేకపోతే నేనేం చెయ్యను?"

ఆ సాయంత్రానికి సంగతి తెలిసింది. హార్మోను తగ్గితే ఒంట్లోంచి అలా ఆవిర్లు పుడతాయట. ఉన్నట్టుండి వస్తాయి, కాసేపట్లో పోతాయి, మళ్ళీ వస్తాయి. జీవితమంతా చలికి వణికిన మనిషి ఇప్పుడు ఉత్త చొక్కాతో చల్లగదిలో చాక్లెట్ అరల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. లారీ డ్రైవర్లు ఆమెని చూసి జడుసుకునేవాళ్ళు. ఆమెకి అక్కడే హాయిగా ఉండేది.

ఆ హాయి కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ మాత్రే కీళ్ళు పట్టేలా చేసింది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. కూర్చుంటే లేవలేదు, లేస్తే నాలుగడుగులు వేసేదాకా చెక్కబొమ్మ నడిచినట్టు నడుస్తుంది. కీళ్ళకి చలంటే పడదు, ఆవిర్లకి చలే కావాలి. ఆవిరి రాగానే లోపలికి పరుగెత్తేది, మోకాళ్ళు సలపగానే కుంటుతూ బయటికొచ్చేది, బయటికొచ్చి ఎండలో నిలబడగానే మళ్ళీ ఆవిరి. తలుపు తెరిచినప్పుడల్లా గంట మోగే ఏర్పాటు ఉంది మాకు. పొద్దస్తమానం ఆ గంట మోగుతూనే ఉండేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమెకి ముందు మంచు, వెనక పొయ్యి.

ఇంట్లో పరిస్థితి ఇంకా రసవత్తరంగా ఉండేది. వాళ్ళాయన దర్జీ. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. మెత్తటి మనిషి, నేను బావగారూ అని పిలుస్తాను. ఆమెకి ఫాను పూర్తి వేగంలో ఉండాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి. ఆయనకి జలుబు పట్టుకుంది. పాపం మాట్లాడకుండా మిగిలిన ఉన్నిగుడ్డ ముక్కలతో చెవులు మూసుకునే టోపీ ఒకటి కుట్టుకున్నాడు, పడుకునేటప్పుడు అది పెట్టుకుని గడ్డం కింద ముడి వేసుకునేవాడు. ఫాను గాలికి కొట్టులో కత్తిరించి పెట్టిన గుడ్డముక్కలు ఎగిరి కలిసిపోతే, ఎవరిదో చొక్కా చేయి ఇంకెవరిదో లాగుకి కుట్టేసిన రోజు కూడా ఉందట.

పై వాటాలో ఆయన అక్కగారు ఉంటారు, దుప్పటక్కకి వదిన. లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. చేతికి ఏ కాగితం చిక్కినా చివరి అక్షరం దాకా చదవందే వదలరు. మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది కదా, విప్పితే పక్కదుప్పటంత అవుతుంది, ఆవిడ దాన్ని విప్పి చదివారు. ఏయే ఇబ్బందులు రావచ్చో అందులో ఉంటుంది. చదివిన మర్నాటికి ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఆ తర్వాత ఆవిర్లు. ఆ తర్వాత మతిమరుపు, చిరాకు, జుట్టు రాలడం.

"వదినా, మాత్ర వేసుకునేది నేను," అంది దుప్పటక్క.

"అదే కదమ్మాయ్ నా బాధ. నువ్వు వేసుకుంటేనే నాకిలా ఉంటే, నేను వేసుకుంటే ఏమయ్యేదాన్ని?" అన్నారావిడ.

ఇలా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు బావగారు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఏమైంది బావగారూ?"

"ఫాను తగ్గించింది," అన్నాడు.

"మంచిదేగా."

"తనంతట తనే లేచి తగ్గించింది. కిటికీ కూడా మూసింది. నిన్న దుప్పటి కప్పుకుంది." మెడలో టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు. "మొదట నేనూ సంతోషించాను. టోపీ తీసేశాను. తర్వాత భయమేసింది. తను మాత్ర మానేసిందేమో, నువ్వోసారి అడుగు. నేనడిగితే వాదిస్తుంది, నేను గెలవలేను."

నేను అడిగాను. దాచలేదు. "మానేశాను. నెల దాటింది," అంది. అప్పుడు గమనించాను, వేళ్ళు చకచకా కదులుతున్నాయి, మనిషి మెట్లు గబగబా ఎక్కుతోంది.

"అదేంటక్కా, డాక్టరుగారికి చెప్పకుండా?"

"చూడవే. గడ్డ ఉందా? లేదు. కోసి పారేశారు. మోకాళ్ళున్నాయా? ఉన్నాయి. లేనిదాని కోసం ఉన్నవాటిని పోగొట్టుకోమంటావా? కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడిందంటే ఇదే."

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అక్కడ సభ జరిగింది. బావగారు వేసుకోవాలంటాడు. వదినగారు వద్దంటారు, తన మోకాళ్ళనొప్పులు తగ్గాయట. దుప్పటక్క ఇద్దరితోనూ వాదిస్తుంది. వేసుకోమని ఆయన అంటే వేసుకోనంటుంది. వద్దని వదినగారు అంటే, "అదేంటి, తిరగబెడితే మీరొస్తారా నాతో ఆపరేషనుకి?" అంటుంది. కాసేపటికి ఎవరు ఏ పక్షమో వాళ్ళకే తెలియకుండా పోయింది. చివరికి బావగారు సూది కిందపెట్టి మెల్లగా అన్నాడు:

"నాకు జలుబు ఉన్నా ఫరవాలేదు. నువ్వు ఉండాలి."

దుప్పటక్కకి వాదించడానికి ఏమీ దొరకలేదు. ఆమెని అలా చూడటం నాకదే మొదటిసారి. ఆయన కిందపెట్టిన సూది తీసి గుడ్డకి గుచ్చి, "సరే, ఆ డాక్టరమ్మనే అడుగుదాం. నువ్వు కూడా రా," అంది నాతో.

మొత్తం నలుగురం వెళ్ళాం. డాక్టరుగారు నెమ్మదైన మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది. దుప్పటక్క కూర్చుంటూనే, "మాత్ర మానేశానండీ," అని చెప్పేసింది, తిట్లకి సిద్ధపడినట్టు భుజాలు బిగించి.

ఆవిడ తిట్టలేదు. "ఏది భరించలేకపోయారు?" అని అడిగారు.

"కీళ్ళనొప్పులు, వేడి ఆవిర్లు, నిద్రపట్టకపోవడం," అని వదినగారు చెప్పడం మొదలుపెట్టారు. డాక్టరుగారు రాసుకోబోయి, "మీరు పేషెంటా?" అన్నారు.

"కాదు. కానీ నాకన్నీ ఉన్నాయి."

డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని దుప్పటక్క వైపు తిరిగారు. మాత్ర ఎలా పనిచేస్తుందో బ్రేకుతోనో, తాళంతోనో పోల్చి చెప్పబోయారు గాని, దుప్పటక్క అడ్డుపడింది. "అవన్నీ వద్దండీ. వేసుకుంటే నాకేం లాభం, మానేస్తే ఏం నష్టం, అది చెప్పండి."

"సరే. మీలాంటి గడ్డ, మీలాంటి వయసు ఉన్నవాళ్ళు వందమంది ఉన్నారనుకోండి. ఇది నేను మీ రిపోర్టులు చూసి వేసిన అంచనా మాత్రమే. వాళ్ళు మాత్ర వేసుకోకపోతే ఇంచుమించు ఇరవైమందికి జబ్బు ఎప్పుడో ఒకప్పుడు తిరగబెట్టొచ్చు. వేసుకుంటే ఆ ఇరవైలో ఏడెనిమిది మంది తప్పించుకుంటారు."

దుప్పటక్క కాసేపు లెక్క చూసుకుంది. "అంటే మిగిలిన ఎనభైమందీ ఊరికే మోకాళ్ళు పాడుచేసుకున్నట్టేనా?"

"అవునమ్మా."

ఆ జవాబుకి మేమందరం తలెత్తాం. డాక్టరుగారు మామూలుగానే చెప్పుకుపోయారు. "ఎనభైమందికి మాత్ర లేకపోయినా ఏమీ అయ్యేది కాదు. ఇంకో డజనుమందికి వేసుకున్నా తిరగబెడుతుంది. పనికొచ్చేది మధ్యలో ఉన్న ఆ కొద్దిమందికే. మీరు ఎవరిలో ఉన్నారో ముందే తెలిస్తే అనవసరంగా ఇచ్చేదాన్ని కాదు. తెలీదు. అందుకే ఇస్తున్నాం."

"మీకే తెలీదా?"

"నాకే కాదు, ఇంకా ఎవరికీ తెలీదు."

ఈ మాటతో దుప్పటక్కకి ఆవిడ మీద గురి కుదిరింది. తర్వాత నాతో అంది, తెలీదని తెలిసి చెప్పే మనిషి దొరకడం కష్టమని.

డాక్టరుగారు ఇంకో మాట చెప్పారు. మానేయాలా వద్దా అన్నది చివరికి ఆమె ఇష్టమే, ఎవరూ బలవంతం చేయరు, కానీ మానేసే ముందు చూడాల్సిన దారులు ఇంకా ఉన్నాయి. ఆ మాత్రే వేరే రకం ఉంది, ఒకటి పడనివాళ్ళకి ఇంకోటి పడొచ్చు. లేదంటే పాతకాలపు మాత్ర ఒకటుంది, అది వేరే దారిలో పనిచేస్తుంది. దానితో కీళ్ళనొప్పులు తక్కువ, ఎముకలు గుల్లబారే బెడద కూడా తక్కువ. కానీ ఆమె వయసులో దాని ఫలితం మొదటిదానికన్నా కాస్త తక్కువ. ఎక్కడో కొందరికి కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది, గర్భసంచికి ఇబ్బంది రావచ్చు, కాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, నెత్తురు కనబడినా వెంటనే పరుగెత్తుకు రావాలి.

"ఇంకో విషయం. దానితో ఆవిర్లు ఇంకా ఎక్కువ కావచ్చు," అన్నారు ఆవిడ కాస్త మొహమాటంగా. "చాలామంది దీనికే వద్దంటారు."

దుప్పటక్క వెనక్కి వాలి కూర్చుంది. "ఆవిర్లొస్తే వస్తాయి. నా ఉద్యోగం మైనస్ పద్దెనిమిదిలో."

డాక్టరుగారికి అర్థం కాలేదు. నేను ఫ్యాక్టరీ సంగతి చెప్పాను, మెకానిక్కు సంగతీ, లారీలోకి పెట్టెలు మోసిన సంగతీ కూడా. ఆవిడ కళ్ళజోడు తీసేసి నవ్వారు, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మొహం సరిచేసుకుని, దుప్పటక్క వంశంలో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా, గర్భసంచికి ఏమైనా చేశారా అని ఓపిగ్గా అన్నీ అడిగారు. పరీక్షలు రాశారు.

వెంటనే ఒప్పుకోలేదు దుప్పటక్క. వారం రోజులు ఆలోచించింది. బస్సులో నన్ను కూర్చోబెట్టి తన వాదన తనే వినిపించేది, అవతలి పక్షం వాదన కూడా తనే వినిపించేది. ఒకరోజు మాత్ర గెలిచేది, ఒకరోజు మోకాలు గెలిచేది. ఒకసారి మాత్రం గొంతు తగ్గించి, "మాత్ర మింగినప్పుడల్లా ఆ జబ్బు గుర్తొస్తుందే. నొప్పి కన్నా అదే ఎక్కువ విసుగు," అంది. దిగేముందు, "అయినా ఆ ఏడెనిమిది మందిలో నేనుండి, మానేసి పోయాననుకో, మీ బావగారు చొక్కా చేతులు లాగులకి కుడుతూనే ఉంటాడు. చూసేవాళ్ళుండరు," అంది.

పాతకాలపు మాత్ర మొదలుపెట్టింది.

ఆవిర్లు వచ్చాయి, బాగా వచ్చాయి. చల్లగదిలో కుర్చీ మళ్ళీ వెలిసింది. మోకాళ్ళు మాత్రం మాట విన్నాయి, పూర్తిగా కాదు, కానీ మెట్లెక్కేటంత. నిద్రలో పిక్కలు పట్టేస్తాయి, అప్పుడు ఆ మాత్ర కనిపెట్టినవాళ్ళని పేరు తెలియకపోయినా తిడుతుంది. ఆపకుండా వేసుకుంటోంది. మూడో ఏడు నడుస్తోంది. ఇప్పటిదాకా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ముందు సంగతి తెలీదు అంటారు డాక్టరుగారు, తెలీదు అంటుంది దుప్పటక్క కూడా, ఎంతో తెలిసినదానిలా.

ఒళ్ళు కదిలిస్తే కీళ్ళకీ, ఎముకలకీ, మనసుకీ మంచిదని డాక్టరుగారు చెప్పారు. నడవమంటే నడక విసుగంది. ఈత అన్నారు. చల్లటి నీళ్ళు, మోకాళ్ళ మీద బరువు పడదు. ఎవరో తనకోసమే కనిపెట్టినట్టుంది అని దుప్పటక్క ఊళ్ళో ఆడవాళ్ళ ఈతకొలనులో చేరింది, యాభై ఆరేళ్ళ వయసులో, ఈత ఓనమాలు కూడా రాకుండా. తోడుకి నన్నూ చేర్పించింది. వదినగారు గట్టుమీద కుర్చీ వేసుకుని పుస్తకం చదువుతారు. ఆవిడకి నీళ్ళు చూస్తేనే జలుబు చేస్తుంది.

ఈతబట్టలు బావగారే కుట్టాడు. కొట్లో దొరికేవి తన భార్యకి నప్పవని ఆయన నమ్మకం. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా లాగు, రెండు జేబులు కూడా పెట్టాడు.

"నీళ్ళలో జేబులెందుకండీ?" అంది ఆమె.

"ఉండనీ. ఎప్పుడేం అవసరమొస్తుందో."

ఎడమవైపు ఖాళీ తెలియకుండా లోపల దూదిమెత్త కూడా పెట్టి కుట్టాడు. ఎంతో శ్రద్ధగా, కుడివైపుతో కొలత చూసి కుట్టాడు. మొదటిరోజు దుప్పటక్క ధీమాగా నీళ్ళలోకి దిగింది. మునిగి లేచింది. దూది నీళ్ళు పీల్చుకుంది. మేం చూస్తుండగానే ఎడమవైపు పెరిగి, జారి, నడుము దాకా వచ్చి అక్కడ కుండలా వేలాడింది. జేబుల నిండా నీళ్ళు. ఈత నేర్పే టీచరమ్మ ఏం అనాలో తెలియక ఈల నోట్లోనే పెట్టుకుని ఉండిపోయింది. కొలనులో ఉన్న ఆడవాళ్ళందరూ చూపులు తిప్పుకున్నారు.

దుప్పటక్క కిందికి చూసుకుంది. రెండు చేతులతో ఆ మెత్తని పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు పిండింది. బోలెడు నీళ్ళు కారాయి. వదిలింది. మళ్ళీ పీల్చుకుంది.

"ఇది నాకన్నా ఎక్కువ తాగుతోందే," అంది నాతో.

ముందు నేను నవ్వాను. తర్వాత కొలను కొలనంతా నవ్వింది. గట్టుమీద వదినగారు ఏమైందో తెలియకపోయినా నవ్వారు. ఆమె అక్కడే మెత్త లాగి గట్టుమీదికి విసిరేసింది, అది చప్పుడు చేస్తూ వదినగారి కాళ్ళ దగ్గర పడింది. బావగారు దూదికి బదులు స్పాంజి పెడతానన్నాడట. ఆమె వద్దంది. అప్పటి నుంచి ఒకవైపు చదునుగా, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కొత్తవాళ్ళెవరైనా తేరిపార చూస్తే, "ఆపరేషనైంది. మాత్ర వేసుకుంటున్నా. ఇంకేం తెలుసుకోవాలి?" అని తనే అడుగుతుంది. ఒకావిడ నిజంగానే చాలా అడిగింది, తనకీ అదే మాత్ర రాశారట, వేసుకోవాలా వద్దా అని. దుప్పటక్క ఆమెని గట్టు మీద కూర్చోబెట్టి, తన సంగతంతా చెప్పి, "నాకు పడింది నీకు పడాలని లేదు. మీ డాక్టర్నే అడుగు, కానీ చెప్పకుండా మాత్రం మానెయ్యకు. నాలాగా," అంది.

పోయిన వారం కొలను ఒక చివర నుంచి రెండో చివరకి వెళ్ళింది. టీచరమ్మ లెక్కలోకి రాదంది, మధ్యలో కాలు నేలకి ఆనిందట. ఆనలేదని దుప్పటక్క. ఆనిందని టీచరమ్మ. బొటనవేలు ఆనితే కాలు ఆనినట్టా అని వాదన మొదలైంది. మిగతా ఆడవాళ్ళు ఈత మానేసి చుట్టూ చేరారు. నేను బట్టలు మార్చుకుని, తల ఆరబెట్టుకుని వచ్చేసరికి కూడా ఇద్దరూ నీళ్ళలో నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు.